మీ కొలత చేతొడుగు

ఏమండీ,

ఈ ఉత్తరం మీ చేతికిచ్చినవాడి నుదుటిమీద కుట్లు చూసి కంగారుపడకండి. అవి ఎలా పడ్డాయో లోపల రాస్తాను. ముందు వాడికి అన్నం పెట్టించి, ఆ తర్వాత ఎక్కడైనా ఒంటరిగా కూర్చుని చదవండి.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా. రాశాను, కానీ అందులో సగమే నిజం. మీరు క్షేమంగానే ఉండి ఉంటారు, వంతెన పనిదగ్గర భోజనం బాగుందనీ బొజ్జ కూడా వస్తోందనీ రాశారుగా. మిగతా సగం సంగతి చెప్పడానికే ఈ కాగితాలు. ఫోను చేయొచ్చుగా అంటారు. ఫోనులో నేను నోరు తెరిచేలోగా మీరు "ముందు నువ్వు శాంతించు" అంటారు. ఆ మాట వినగానే ఉన్న శాంతం కూడా పోయి తిడతాను, మీరు పెట్టేస్తారు. కాగితంతో ఆ బాధ లేదు.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను.

మందిరం కప్పు ఎంతవరకు వచ్చింది అన్నారు. గంట ఉన్నవైపు పూర్తయింది, కొత్త పెంకులు చూడముచ్చటగా ఉన్నాయి. హాలు మీదా, వెనక మొదటి గది మీదా ఇంకా టార్పాలినే. గాలి వీస్తే అది ఎవరినో చెంపలు వాయిస్తున్నట్టు కొట్టుకుంటుంది, పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి దాని విసురు తగ్గేదాకా చూస్తారు. మొదటి గదిలో ఇప్పుడు కొత్తగా వచ్చిన దంపతులున్నారు. మంచం మధ్యలో బకెట్టు పెట్టుకుని చెరోపక్కా పడుకుంటున్నారు పాపం. మనం ఈ దేశం వచ్చిన కొత్తలో తలదాచుకున్నదీ ఆ గదిలోనే, తమ్ముడు వచ్చినప్పుడు దిగిందీ ఆ గదిలోనే. కాబట్టి ఆ కప్పు అక్కర్లేదని నేను అన్నట్టు ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

నా దగ్గు ఎలా ఉందన్నారు. కబేళా లాండ్రీలో ఆవిరి ఉన్నన్నాళ్ళూ అదీ ఉంటుంది.

కప్పు పూట సక్రమంగా సాగుతోందా, నా కార్డు ఖాళీగా పడుండనివ్వకండి, అది నేను మొదలుపెట్టిన పని అని రాశారు. నిజమే, మీ బుర్రలో పుట్టిందే. దాన్ని ఒకసారి ఉన్నదున్నట్టు రాసి చూస్తాను. రాస్తే తప్ప ఎంత వంకరో తెలియడం లేదు. మందిరం బాగుచేయించడానికి కానుకల పళ్ళెంలో పడే చిల్లర చాలదు. మన మగవాళ్ళందరి పనీ కబేళాలోనే. ఆదివారం మధ్యాహ్నం అక్కడ కూలి రెట్టింపు. కానీ ఆరు రోజులు పనిచేసినవాణ్ణి ఏడో రోజు లోపలికి రానివ్వకూడదని రూలు. ఆ రూలు ఎందుకు పెట్టారో ఎవరూ ఆలోచించలేదు, దాన్ని ఎలా దాటాలో మాత్రం మీరు ఆలోచించారు. కబేళాలో పనిచేయనివాళ్ళ పేర్లమీద ఆదివారానికి మాత్రమే కార్డులు తీయించారు. పాస్టరుగారి పేర ఒకటి. ఉల్లిపాయ తిన్నగా కోయలేని ఆ మహానుభావుడు కంపెనీ లెక్కలో చెయ్యితిరిగిన కసాయి. మోకాళ్ళు వంగని, మందిరం తాళాలు దాచే తాతయ్య పేర ఇంకొకటి. మీరు కబేళా మానేసి వంతెన పనికి వెళ్తూ మీ కార్డుని కూడా ఆదివారానికి మార్పించి ఆ పెట్టెలో వేసి వెళ్ళారు. వంతు వచ్చినవాడు ఆరాధన కాగానే పెట్టెలోంచి ఒక కార్డు తీసుకుని, ప్రభువు బల్ల దగ్గర రొట్టె పుచ్చుకున్న చేత్తోనే వెళ్ళి కత్తి పట్టుకుంటాడు. కూలి మొత్తం కప్పుకి. అక్కడ వేసుకునే కోటూ, ఇనప వల చేతొడుగూ కార్డులో పేరున్న మనిషి కొలతకే ఇస్తారు.

ఇక ఆఖరిది. "బావమరిదికి ఇంట్లో కూర తరుగుతుంటే వేలు తెగిందట కదా, మందిరం పద్దుల పెద్దాయన ఫోను చేసి చెప్పాడు, ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు. వేలు కాదండీ. ఎడమచేతి మధ్యవేలూ ఉంగరం వేలూ మొదలంటా పోయాయి. ఇంట్లో కాదు, కబేళాలో. కూర తరుగుతూ కాదు, మీ కార్డుమీద, మీ చేతొడుగు వేసుకుని, మన మందిరం కప్పుకోసం.

ఆ ఆదివారం నాకు లాండ్రీలో డ్యూటీ. మూటలు జారే తూములోంచి కోట్లు వచ్చి పడ్డాయి. ఒకదాని మెడపట్టీమీద మీ నెంబరు. ఎన్నేళ్ళు ఉతికిన నెంబరు అది. పశువు నెత్తురు పొట్టమీద పడుతుంది, బయటినుంచి లోపలికి ఇంకుతుంది. ఈ కోటుకి ఎడమచెయ్యి లోపలి గుడ్డంతా నానిపోయి బయటికి ఊరుతోంది. లాండ్రీలో ఏ ఆడదానికైనా ఆ తేడా తెలుసు. ఆ చేతిలోంచి మీ చేతొడుగు జారి పడింది. రెండు వేళ్ళచోట వల చీరుకుపోయి ఉంది. దాన్ని బోర్లించి దులిపాను. ఎందుకు దులిపానో మీకు తెలుసు. ఏమీ రాలలేదు.

వాడి చెయ్యి నా చెయ్యంత. మీది చేట. చివర్లు ఖాళీగా వేలాడుతుంటే రబ్బరు బ్యాండ్లు చుట్టుకున్నాడట. ఆరు రోజులు పనిచేసి ఉన్నాడు, కళ్ళు మూతలు పడుతున్నాయి, పక్కటెముకల్ని రంపంలోకి నెడుతున్నాడు. వేలాడే కొస రంపం పళ్ళకి చిక్కింది. ఒట్టి చెయ్యి అయితే గాయంతో పోయేదేమో. ఇనప వల వెంటనే తెగదు, లాగుతుంది. అది చేతిని లోపలికి లాక్కుపోతుంటే వాడు కుడిచేత్తో బల్ల పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. చెయ్యి వచ్చింది, వేళ్ళు రాలేదు. "నొప్పి తెలీలేదక్కా, చప్పుడు తెలిసింది" అన్నాడు. ఆ చప్పుడు ఏమిటో నేను అడగలేదు.

అప్పుడు మనవాళ్ళు ఏం చేశారో వినండి. ఫోర్‌మన్ చూడకముందే వాణ్ణి అప్రాన్‌లో చుట్టి, వెనక గేటునుంచి ఎత్తుకుపోయి, పెంకులు మోసే వ్యానులో పడేశారు. కోటు విప్పి మూటలో కుక్కారు. ఫోర్‌మన్‌కి "కొద్దిగా గీసుకుంది, ఇంటికెళ్ళాడు" అని మీ పేరు చెప్పారు. నేను తడి బట్టలతోనే ఆసుపత్రికి పరిగెత్తాను. వెళ్ళేసరికి పద్దుల పెద్దాయన డాక్టరుకి కూరగాయల కత్తి కథ చెబుతున్నాడు. కానుకల పద్దు రాసినంత శుభ్రంగా చెబుతున్నాడు.

"వేళ్ళు తెచ్చారా? మంచులో పెట్టి తెచ్చుంటే అతికించడానికి ప్రయత్నం చేసేవాళ్ళం" అన్నాడు డాక్టరు.

"కుక్క కరుచుకుపోయిందండీ" అన్నాడు పెద్దాయన.

మనింట్లో పిల్లి కూడా లేదు. నేను నోరు తెరవబోయాను. తమ్ముడు మంచంమీంచి నావైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో నోరు మూసుకున్నది అదొక్కసారే, దానికే ఇప్పుడు చెంపలు వేసుకుంటున్నాను.

డాక్టరు ఇంకో మాట చెప్పాడు. నెల తిరక్కుండా రెండో ఆపరేషను చేయాలి. లేకపోతే లోపలి నరాలు ముడుచుకుపోయి మిగిలిన వేళ్ళు కూడా అరచేతిలోకి వంగిపోతాయి, చెయ్యి కొంకి అవుతుంది. పనిలో జరిగిన దెబ్బ అయితే ఆ ఖర్చంతా కంపెనీది, కోలుకునేదాకా జీతం కూడా. ఇంట్లో జరిగిందైతే ఎవరి తిప్పలు వాళ్ళవి. ఆ ఖర్చు మనిద్దరి రెక్కలు అమ్మినా తీరదు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో కూర్చోబెట్టారు. మీకు తెలుసుగా, ఆ హాల్లో ఇప్పుడు గోడ పొడుగునా కొత్త పెంకులు పేర్చి ఉంటాయి. పద్దుల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. కార్డుల సంగతి బయటికొస్తే అందరి ఉద్యోగాలూ పోతాయి. ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్లు పోతాయి. మందిరం అమ్ముకోవాలి. నీ తమ్ముడి ఆపరేషనుకి చందా వేస్తాం, కాదనడం లేదు."

"ఎప్పుడు వేస్తారు మామయ్యా?"

"కప్పు పూర్తి కానీ."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. "కప్పు ఆగుతుంది, చెయ్యి ఆగదు" అన్నాను.

"ఏంటమ్మా నీ మొండితనం? వాడి రెండు వేళ్ళకోసం మా అందరి చేతులూ నరుకుతావా?" అన్నాడు. ఆ మాట హాల్లో చాలామందికి నచ్చింది. తలలు ఊగాయి. నిజం చెప్పొద్దూ, ఆ మాటలో నాకూ కొంత న్యాయం కనపడింది. అక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది పిల్లలకి నేనే కదా నీళ్ళుపోసింది.

"సరే మామయ్యా. ఆ రెండు వేళ్ళూ ఎక్కడున్నాయో చెప్పండి, మాట్లాడకుండా ఇంటికి పోతాను" అన్నాను.

నిచ్చెన తల దించుకున్నాడు. అదే, మీకు ఈ ఉత్తరం తెచ్చినవాడే. నిచ్చెన వేయకుండా కప్పు అందుకుంటాడని మీరే పెట్టిన పేరు.

"ఒరేయ్ నిచ్చెనా, పక్క బల్ల నీదే కదా. నువ్వు చెప్పు."

"నేలంతా నెత్తురు వదినా. ఫోర్‌మన్ వస్తున్నాడని ఎవరో అరిచారు. గొట్టం పట్టుకుని కడిగేశాను."

"వేళ్ళతో సహానా?"

"తూములోకి పోతుంటే చూశాను వదినా. చూశాను, కానీ గొట్టం ఆపలేదు."

చేతికందిన పెంకు తీసి విసిరాను. వాడి నుదురు పగిలింది. వాడు లేచి నా జుట్టు పట్టుకున్నాడు. అంత మనిషి అరుస్తూ ఏడుస్తూ నా తలని గోడకేసి ఊపేస్తున్నాడు. "నేనేం చేసేదొదినా! నాకు ముగ్గురు పిల్లలొదినా!" అంటూనే కొడుతున్నాడు. నేను వాడి మణికట్టు కొరికాను, నోటికి ఉప్పగా తగిలేదాకా వదల్లేదు. రెండో పెంకు విసిరితే అది అడ్డం వచ్చిన పాస్టరుగారి ముక్కుకి తగిలింది. దేవుడు నన్ను క్షమించాలి, పాస్టరుగారైతే అప్పుడే క్షమించేశారు. బెంచీలు తిరగబడ్డాయి. పాటల పుస్తకాలమీద బూట్లు. ఆడవాళ్ళ కేకలు. పద్దుల పెద్దాయన కుర్చీ ఎక్కి "మందిరం! ఇది మందిరం!" అని అరుస్తున్నాడు, ఆ కుర్చీని ఎవరు తన్నారో గానీ ఆయనా కింద పడ్డాడు. ఇంతలో తమ్ముడు కట్టు కట్టిన చెయ్యి ఎత్తుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన కొడుకు వాణ్ణి రెక్క పట్టుకుని పెంకులమీదకి తోశాడు. వాడు ఆ చేతిమీదే పడ్డాడు.

అప్పుడు వాడు అరిచిన అరుపు విని అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పైన టార్పాలిన్ ఒక్కటే కొట్టుకుంటోంది. కట్టు ఎర్రబడి నేలమీద చుక్కలు పడుతున్నాయి. గోరుచుట్టుమీద రోకటిపోటు అంటారే, దాన్ని కళ్ళారా చూశాను.

నా పైటతో ఆ చెయ్యి అదిమిపట్టుకుని అడిగాను. "నువ్వు చెప్పరా. నువ్వు వద్దంటే వీళ్ళు చెప్పినట్టే విందాం. నీ మాటే నా మాట."

వాడు పైకి చూశాడు, కొత్త పెంకులు పరిచిన వైపుకి. వాటిలో సగం వాడు పరిచినవే. "అందరికీ మంచే జరగాలక్కా" అన్నాడు. తర్వాత పసిపిల్లాడిలా మొహం ముడుచుకుని, "కానీ నాకు చెయ్యి కావాలక్కా" అన్నాడు.

ఇంకేం కావాలండీ నాకు? నేను లేచి పాస్టరుగారి గదివైపు నడిచాను. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బీరువా ముందు నిలబడ్డారు. "అమ్మా, ఆ పెట్టె నన్ను నమ్మి ఇచ్చారు. నా చేత్తో ఇవ్వలేను" అన్నారు. అని, పక్కకి జరిగారు. బీరువాకి తాళం వేసి లేదు. పెట్టెలో అందరి కార్డులూ ఉన్నాయి. కోపంలో మొత్తం పెట్టే ఎత్తుకుపోదామనిపించింది. నీళ్ళుపోసిన పిల్లలు గుర్తొచ్చారు. మీదొక్కటే తీసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతవరకూ రాసింది దానికి ముందుమాట అనుకోండి. మంగళవారం నేను పని ప్రమాదాల విచారణ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఆఫీసరమ్మ ముందు మీ కార్డూ, ఆ రోజు నేను దాచిన మీ చేతొడుగూ పెట్టి, మీ పేరు చెప్పాను. ఈ కార్డు నా భర్తది, ఆ రోజు ఆయన ఇక్కడ లేరు, దీన్ని వేసుకున్నది నా తమ్ముడు అని చెప్పాను. మిమ్మల్ని అడక్కుండా చెప్పాను. అడిగితే "ముందు నువ్వు శాంతించు" అనేవారు. కార్డు ఇంకొకరికి ఇవ్వడం నేరమట. మీకు శిక్ష పడొచ్చు. మన పర్మిట్లు తీసేసి సామాను సర్దుకోమనొచ్చు. మిగతావాళ్ళ పేర్లు నేను చెప్పలేదు, కానీ తీగ లాగితే డొంక కదలకుండా ఉండదు. ఇదంతా తెలిసే చెప్పాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను, నిద్ర కూడా పట్టింది. అందుకు మీకు కోపం రావాలి, వస్తే తప్పులేదు.

ఆ మర్నాడు ఎవరో మన వంటింటి కిటికీకి రాయి వేశారు. గాజుపెంకులు తమ్ముడి పళ్ళెంలో పడ్డాయి. ఆ సాయంత్రం నిచ్చెన ఇనప కడ్డీతో వచ్చాడు. నేను కత్తిపీట అందుకున్నాను. వాడు నావైపు కూడా చూడకుండా గుమ్మంలో కూలబడి, "ఎవరొస్తారో రానీ వదినా" అన్నాడు. అప్పటినుంచి మన మెట్లమీదే ఉంటున్నాడు. ఆఫీసరమ్మ దగ్గర సాక్ష్యం చెప్పరా అంటే వణికిపోతాడు. ఉత్తరం పట్టుకెళ్ళరా అంటే మాత్రం, "పెద్దాయనకంటే ముందు చేరతాను" అని బయల్దేరాడు. వాడు చేయగలిగింది అంతే, దాన్ని తక్కువ చేసి మాట్లాడకండి.

ఆఫీసరమ్మ వచ్చేవారం మీ వంతెన దగ్గరికి వస్తుంది. పెద్దాయన ఆవిడకంటే ముందు వస్తాడు. ఏం చెప్పమంటాడో నాకు తెలుసు. "ఆదివారం సెలవుకి వచ్చి పనిలో ఉన్నది నేనే, చేతొడుగు చిక్కింది, చెయ్యి లాక్కున్నాను, గీసుకుంది, మానిపోయింది" అనమంటాడు. మీరు ఆ ఒక్క మాటంటే అందరూ బతుకుతారు. కార్డులు బతుకుతాయి, మన పర్మిట్లు బతుకుతాయి, మీరు మొదలుపెట్టిన కప్పు పూర్తవుతుంది, మొదటి గదిలో బకెట్టు తీసేయొచ్చు. తమ్ముడి చెయ్యి ఒక్కటే పోతుంది, నేను మీకు అబద్ధాలకోరు పెళ్ళాన్నవుతాను. పెద్దాయన చెడ్డవాడేం కాదు. మనల్ని మొదటి గదిలో దించినరోజు తన దుప్పటి తెచ్చి కప్పినవాడు ఆయనే. అందుకే ఆయన మాట కాదనడం మీకు కష్టం, నాకు తెలుసు.

నేను మిమ్మల్ని బెదిరించడం లేదు. పుట్టింటికి పోతాననీ, ఒంటిమీద కిరసనాయిలు పోసుకుంటాననీ రాయను. ఒక్కటే అడుగుతున్నాను. ఆఫీసరమ్మ ఆ చేతొడుగు తెచ్చి బల్లమీద పెడుతుంది. వేసుకోమంటుంది. ఎవరేం చెప్పినా, ఒకసారి వేసుకోండి. మీ కొలతే, సరిగ్గా పడుతుంది. మధ్యవేలూ ఉంగరం వేలూ మాత్రం చిరిగినచోటినుంచి బయటికి వస్తాయి. పెళ్ళిలో నేను తొడిగిన ఉంగరం కూడా కనపడుతుంది. ఆ రెండు వేళ్ళూ మడిచి చూడండి, మళ్ళీ చాచి చూడండి. అప్పుడు మీ నోటికి ఏది వస్తే అదే చెప్పండి.

ఇట్లు,
మీ భార్య,
మీ బావమరిదికి అక్క.